డిగ్రీలో వెయ్యో వంతు

నూరు గ్రాముల నీళ్లలో 0.6 గ్రాముల యూరియా కరిగిస్తే ఆ నీళ్లు సున్నా దగ్గర గడ్డకట్టవు. ఇంకో 0.186 డిగ్రీ కిందికి దిగాక గడ్డకడతాయి. ఘనీభవన స్థాన నిమ్నత అన్న పేరుతో ఇంటర్మీడియట్‌లో చదువుకునేది ఇదే. ఆ చిన్న అంకె నుంచి యూరియా మోలార్ ద్రవ్యరాశి 60 అని రాబట్టవచ్చు. జవాబులో తప్పు నూటికి ఒకటి దాటకూడదంటే మాత్రం ఉష్ణోగ్రతలో తేడాను 0.002 డిగ్రీ దాకా పట్టుకోవాలి. జ్వరం చూసే థర్మామీటరు 0.1 డిగ్రీ దగ్గర ఆగిపోతుంది. ప్రయోగశాలలో రోజూ వాడే 110 డిగ్రీల థర్మామీటరు మీద డిగ్రీకి ఒక్క గీతే ఉంటుంది. 1880ల చివర లైప్‌జిగ్‌లో ఎర్నస్ట్ బెక్‌మన్ ఈ అవసరానికే ఒక విచిత్రమైన థర్మామీటరు తయారుచేశాడు. దాని స్కేలు మొత్తం ఐదారు డిగ్రీలే. ఒక్కో డిగ్రీలో నూరు భాగాలు. భూతద్దం పెట్టి చూస్తే భాగంలో ఐదో వంతును కూడా అంచనా కట్టవచ్చు. స్కేలు మీద సున్నా అని రాసి ఉన్నచోట అసలు ఉష్ణోగ్రత ఎంతో ఆ థర్మామీటరు చెప్పదు. ఎక్కడినుంచి ఎక్కడికి మారిందో చెప్పదు, ఎంత మారిందో మాత్రం చెబుతుంది.

ఆ థర్మామీటరును కాలేజీ ల్యాబు అలమరాలో ఉంచాలా తీసేయాలా అన్న ప్రశ్న దగ్గర మొదలైన వాదన ఇది. ఒకరు డిగ్రీ కాలేజీలో భౌతిక రసాయనశాస్త్రం చెప్పే అధ్యాపకురాలు, ఇంకొకరు కొలత పరికరాలు తయారుచేసే ఇంజనీరు. ఇద్దరూ నా కల్పన. వాదనలు మాత్రం ఈ రంగంలో నిజంగా ఉన్నవే. నా మొగ్గు అధ్యాపకురాలి వైపు. అలాగని ఇంజనీరు నోట బలహీనమైన మాటలు పెట్టలేదు. ఆయన లేవనెత్తిన అభ్యంతరాల్లో రెండింటికి జవాబు చెప్పడం నిజంగానే కష్టం.

ఇంజనీరు: మేడమ్, తేడా అంటే ఏమిటి? ముందు ఉన్న ఉష్ణోగ్రత ఒకటి, తర్వాత వచ్చిన ఉష్ణోగ్రత ఒకటి, రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే మిగిలేది. ఉష్ణోగ్రతను బాగా కొలవడం వస్తే తేడా దానంతటదే వస్తుంది. బెక్‌మన్ కాలంలో అది చేతకాక తేడా కోసం ప్రత్యేకంగా ఒక గాజు పరికరం చేసుకున్నారు. ఇవాళ ప్లాటినం తీగ ఉంది, థర్మిస్టర్ ఉంది, 0.001 డిగ్రీ తెరమీద కనబడుతుంది. బెక్‌మన్ థర్మామీటరును సెట్ చేయడానికే విద్యార్థికి సగం ప్రాక్టికల్ పీరియడ్ పోతుంది. ముందు తలకిందులు చేసి, పైన వంపులో ఉన్న పాదరసాన్ని మెల్లగా తట్టి కింది దారంతో కలపాలి. కలిసింది విడిపోకుండా నిలబెట్టి, కావలసిన దానికంటే కొన్ని డిగ్రీలు వేడిగా ఉన్న నీళ్లలో బల్బు ఉంచాలి. తర్వాత బయటికి తీసి, పట్టుకున్న చేతి మణికట్టును రెండో చేత్తో చరిచి, పైన దారం తెగేలా చేయాలి. అప్పుడు చూస్తే పాదరసం స్కేలు దాటి పైకి పోయి ఉంటుంది, లేదా స్కేలుకే అందదు. మళ్లీ మొదటికి. ఇంతా చేస్తే లోపల ఉన్నది పాదరసం. పాదరసం వాడకాన్ని తగ్గించే మినమాటా ఒప్పందం 2017లో అమల్లోకి వచ్చింది, మన దేశం 2018లో చేరింది. పాదరసం థర్మామీటర్లను ప్రపంచమంతా వదిలించుకుంటోంది. అమెరికా ప్రమాణాల సంస్థ 2011లోనే వాటికి కాలిబ్రేషన్ ఆపేసింది. ఇంకా దేనికి దాచుకోవడం?

అధ్యాపకురాలు: పాదరసం గురించి మీతో వాదించను. పాదరసం ప్రతి డిగ్రీకీ గాజుకంటే ఆరువేల వంతు మాత్రమే ఎక్కువ వ్యాకోచిస్తుంది. డిగ్రీని నాలుగైదు సెంటీమీటర్ల పొడవున పరచాలంటే బల్బు పెద్దదిగా ఉండక తప్పదు. అది పిల్లల చేతిలో పగిలితే బల్లల సందుల్లోకి పోయిన బొట్లను ఏరడం ఎవరితరమూ కాదు. ఆ గాజు పోనివ్వండి. దానితోపాటు అది నేర్పిన ఆలోచన కూడా పోతుందేమోనన్నదే నా బాధ. తేడా అంటే రెండు ఉష్ణోగ్రతల తీసివేత అన్నారు. అంకగణితంలో అంతే. కొలతలో అలా కాదు, దానికి పనికీ వేడికీ లెక్క కట్టిన జౌల్ థర్మామీటరే సాక్ష్యం. ఆయన 1844లో ఒక థర్మామీటరును మంచులో పెట్టి పాదరసం ఎక్కడ నిలిచిందో గుర్తు పెట్టుకున్నాడు. 1882 దాకా, 38 ఏళ్ల పాటు, మధ్యమధ్య మళ్లీ మళ్లీ అదే చూశాడు. ఆ సున్నా పైకి జరుగుతూనే పోయింది; మొత్తంమీద దాదాపు ఒక ఫారన్‌హీట్ డిగ్రీ. గాజు ఏళ్ల తరబడి కుంచించుకుంటూ ఉంటుంది, బల్బులో చోటు తగ్గుతుంది, పాదరసం పైకి నెట్టుకొస్తుంది. 1850లో ఆయన ప్రచురించిన ప్రయోగంలో బరువులు ఇరవైసార్లు కిందికి దిగి నీళ్లలో తెడ్లను తిప్పితే ఆ నీళ్లు వేడెక్కింది అర ఫారన్‌హీట్ డిగ్రీకి కాస్త పైన. అంటే ఆ సున్నా చివరికి జరిగిన దూరం, ఆయన కొలిచిన తేడాకు దాదాపు రెట్టింపు. అయినా పని నుంచి ఎంత వేడి పుడుతుందో ఆయన చెప్పగలిగాడు. ఎలా? సున్నా తప్పు మొదటి కొలతలోనూ ఉంది, అరగంట దాటాక తీసిన రెండో కొలతలోనూ అంతే ఉంది. అది తీసివేతలో కొట్టుకుపోయింది. అసలు ఉష్ణోగ్రతను తప్పుగా చెప్పే పరికరమే తేడాను సరిగ్గా చెప్పగలదని దీంతో తెలియడం లేదా?

ఇంజనీరు: కథలో సగమే చెప్పారు మేడమ్. ఒక పౌండు నీళ్లను ఒక ఫారన్‌హీట్ డిగ్రీ వేడెక్కించడానికి 772 అడుగు-పౌండ్ల పని కావాలన్నాడు జౌల్. ఇవాళ మనం వాడేది 778. ఆ లోటు ఎక్కడినుంచి వచ్చింది? 1879-80 ప్రాంతంలో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో హెన్రీ రోలండ్ ఈ ప్రయోగాన్ని మళ్లీ చేశాడు. జౌల్ థర్మామీటర్లను గాలి థర్మామీటరుతో పోల్చి చూస్తే పాదరసం డిగ్రీ, గాలి డిగ్రీ ఒకటి కావని తేలింది. లోటులో కొంత భాగం అక్కడే ఉంది. సున్నా తప్పయితే తీసివేతలో పోతుంది, ఒప్పుకుంటాను. డిగ్రీ పొడవే తప్పయితే ఎన్నిసార్లు తీసివేసినా పోదు. మీ బెక్‌మన్ థర్మామీటరులో ఆ జబ్బు ఇంకా ఎక్కువ. బల్బులోంచి కొంత పాదరసం పైకి పంపిస్తే మిగిలిన పాదరసం తక్కువ, అది వ్యాకోచించేదీ తక్కువ. సున్నా డిగ్రీల దగ్గర సెట్ చేసినప్పటి డిగ్రీ వేరు, ఎనభై దగ్గర సెట్ చేసినప్పటి డిగ్రీ వేరు. అందుకే ప్రతి సెట్టింగుకూ ఒక గుణకం ఉంటుంది. ఆ పట్టిక చూడకుండా లెక్క రాసిన ప్రాక్టికల్ రికార్డులు ఎన్నో! తేడాను కొలవాలన్నా ఉష్ణోగ్రత అంటే ఏమిటో తెలిసిన పరికరమే కావాలి.

అధ్యాపకురాలు: ఇది గట్టి అభ్యంతరమే. రోలండ్ చేసింది గొప్ప పని, దాన్ని నేను తక్కువ చేయను. కాకపోతే ప్రయోగశాలలో డిగ్రీ పొడవును ఎప్పుడూ గాలి థర్మామీటరు నుంచే తెచ్చుకోవాలని లేదు. బాంబ్ కెలోరీమీటర్‌నే తీసుకోండి. ఒక ఇంధనం మండితే ఎంత వేడి వస్తుందో తెలియాలి. ముందు ఒక గ్రాము బెంజోయిక్ ఆమ్లాన్ని కాలుస్తాం. అది ఇచ్చే వేడి 26.4 కిలోజౌళ్లని తెలుసు. పాత్రా నీళ్లూ కలిసి డిగ్రీకి పది కిలోజౌళ్లు తీసుకునేవైతే ఉష్ణోగ్రత 2.64 డిగ్రీలు పెరుగుతుంది. తర్వాత అదే పాత్రలో, అంతే నీళ్లు పోసి, ఆ ఉష్ణోగ్రత దగ్గరే మొదలుపెట్టి, ఇంధనాన్ని కాలుస్తాం. థర్మామీటరు డిగ్రీ నూటికి ఒక వంతు పొట్టిదైతే రెండుసార్లూ అంతే పొట్టిది. నిష్పత్తిలో అదీ కొట్టుకుపోతుంది. అంటే సున్నాయే కాదు, డిగ్రీ పొడవు కూడా ఇక్కడ మనకు తెలియాల్సిన పనిలేదు. తెలియాల్సింది రెండు ప్రయోగాల మధ్య ఏదీ మారలేదని. ఉష్ణోగ్రతను బాగా కొలిచే పరికరాన్ని కొనుక్కోవచ్చు. ఏదీ మారకుండా చూసుకోవడాన్ని మాత్రం కొనుక్కోలేం. దాన్ని ప్రయోగంలోనే అమర్చుకోవాలి.

ఇంజనీరు: ప్రయోగశాల నాలుగు గోడల మధ్య అది చెల్లుతుంది. బయటికి వస్తే ఏమవుతుందో పాల సంగతి చూడండి. పాలలో నీళ్లు కలిపారో లేదో గడ్డకట్టే ఉష్ణోగ్రతను బట్టి చెబుతారు. మామూలు పాలు దాదాపు మైనస్ 0.52 సెల్సియస్ దగ్గర గడ్డకడతాయి, నూటికి ఒక వంతు నీళ్లు కలిస్తే ఆ అంకె 0.005 డిగ్రీ సున్నా వైపు జరుగుతుంది. 1920ల మొదట్లో అమెరికాలో జూలియస్ హార్ట్‌వెట్ దీనికోసం క్రయోస్కోపు తయారుచేశాడు. దాని స్కేలును 7 శాతం, 10 శాతం చక్కెర ద్రావణాలతో సరిచూసేవారు. వాటికి ఆయన నిర్ణయించిన విలువలు మైనస్ 0.422, మైనస్ 0.621. నిజమైన సెల్సియస్ విలువలు మైనస్ 0.406, మైనస్ 0.598 దగ్గర ఉన్నాయని తర్వాత తేలింది. అంటే హార్ట్‌వెట్ లెక్కలో నూటికి నాలుగు వంతుల దాకా ఎక్కువ. దశాబ్దాల తరబడి పాల పరిశ్రమ ఆ హార్ట్‌వెట్ డిగ్రీలతోనే బతికింది. మీరన్నట్టు ప్రమాణమూ పాలూ ఒకే పరికరంలో ఉన్నంతకాలం నష్టమేమీ లేదు. కానీ ఒకచోట హార్ట్‌వెట్ డిగ్రీలలో పెట్టిన హద్దును ఇంకోచోట సెల్సియస్‌లో చదివిన అంకెతో పోలిస్తే? మైనస్ 0.54 ఉండాల్సినచోట మైనస్ 0.52 కనబడుతుంది. ఒక్క చుక్క నీళ్లు కలపని రైతు పాలలో నూటికి నాలుగు వంతుల నీళ్లు ఉన్నట్టు తేలుతుంది. ఆ రైతు ముందు నిలబడి, తేడాకు ఉష్ణోగ్రత తెలియనక్కరలేదని చెప్పగలరా?

ఇక్కడ నేను ఒక మాట చేర్చాలి. ఈ వాదనలో నాకు అన్నిటికంటే బరువుగా అనిపించేది ఈ ప్రశ్నే. 0.02 డిగ్రీ అంటే గదిలో మనిషి నిలబడ్డచోటు మారినా గుర్తు పట్టలేనంత తక్కువ. ఆ కాస్త తేడాతో ఒకరి పాలు తిప్పి పంపేస్తారు, ఒకరి మాట మీద నమ్మకం పోతుంది. చిన్న తేడాలను కొలిచే శాస్త్రం అంత ఓపికగా ఎందుకు నడవాలో దీన్నిబట్టి తెలుస్తుంది. అయితే ఇంజనీరు తెచ్చిన ఉదాహరణను కాస్త నిలిపి చూస్తే అందులో రెండు తప్పులు కనబడతాయి. హార్ట్‌వెట్ ద్రావణాలకు తప్పు విలువలు రావడం ఒకటి, రెండు వేర్వేరు స్కేళ్ల మీది అంకెలను పక్కపక్కన పెట్టి చదవడం రెండోది. రైతుకు అన్యాయం జరిగేది రెండోదానివల్ల.

అధ్యాపకురాలు: రైతు ముందు నేను చెప్పేది వేరు. మీ అంకెను ఎవరి అంకెతోనూ పోల్చవద్దు. ఆ పాలనూ, నీళ్లు కలపలేదని మీకు తెలిసిన పాలనూ ఒకే పరికరంలో, ఒకే పూట, ఒకదాని వెంట ఒకటి పెట్టి చూడండి. అప్పుడు హార్ట్‌వెట్ డిగ్రీ అయినా సెల్సియస్ డిగ్రీ అయినా ఒకటే మాట చెబుతాయి. దూరాన ఉన్న రెండు ల్యాబులు మాట్లాడుకోవాలంటే మాత్రం ఉమ్మడి స్కేలు కావాలి, అది నిజమే. ఆ పని ఉష్ణోగ్రత ప్రమాణాలది. ఇప్పుడు మీ ప్లాటినం థర్మామీటరు దగ్గరికి వద్దాం. అది ఉష్ణోగ్రతను నేరుగా కొలుస్తుందని అన్నారు. దాని లోపల ఏం జరుగుతోందో చూడండి. 100 ఓమ్‌ల ప్లాటినం తీగలో డిగ్రీకి వచ్చే మార్పు 0.385 ఓమ్. వెయ్యో వంతు డిగ్రీకి 0.000385 ఓమ్. మీటరుకు పోయే రాగితీగల నిరోధం అర ఓమ్ ఉందనుకుందాం. కిటికీలోంచి ఎండ పడి ఆ తీగలు ఒక్క డిగ్రీ వేడెక్కితే చాలు, వాటి నిరోధం 0.002 ఓమ్ పెరుగుతుంది. బీకరులోని నీళ్లు కదలకుండానే మీ తెర 0.005 డిగ్రీ పెరిగిందంటుంది.

ఇంజనీరు: రెండు తీగలతో కొలిస్తే అంతే. మేం నాలుగు తీగలు వాడతాం. రెండింటిలో కరెంటు, మిగిలిన రెండింటిలో వోల్టేజీ. తీగల నిరోధం లెక్కలోకే రాదు.

అధ్యాపకురాలు: రాదు. అప్పుడు కొలవాల్సింది వోల్టేజీ. ఒక మిల్లీఆంపియరు పంపితే వెయ్యో వంతు డిగ్రీకి వచ్చేది 0.385 మైక్రోవోల్టు. రెండు లోహాలు కలిసే ప్రతిచోటా, టంకం వేసిన చోట కూడా, చివరల మధ్య వేడి తేడా ఉంటే మైక్రోవోల్టుల్లో వోల్టేజీ పుడుతుంది. సీబెక్ 1821లో చూసింది అదే. దాన్ని ఎలా వదిలించుకుంటారు మీరు?

ఇంజనీరు: కరెంటును అటూ ఇటూ తిప్పి రెండుసార్లు కొలుస్తాం. ప్లాటినంలోని వోల్టేజీ కరెంటుతోపాటు గుర్తు మారుతుంది, టంకం దగ్గరిది మారదు. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే...

అధ్యాపకురాలు: తీసేస్తే పోతుంది. చూశారా, ఉష్ణోగ్రతను నేరుగా కొలిచేదని మీరన్న పరికరం లోపల కూడా తీసివేతే పనిచేస్తోంది. నాలుగు తీగలకు ముందు, 19వ శతాబ్దం చివర, కేంబ్రిడ్జ్‌లో ప్లాటినం థర్మామీటరును పనికొచ్చేలా చేసిన హ్యూ క్యాలెండర్ ఏం చేశాడు? అసలు తీగల పక్కనే అంతే పొడవున్న ఉత్త తీగల జతను పెట్టి, వాటిని నిరోధాలను పోల్చే వీట్‌స్టన్ బ్రిడ్జిలో ఎదుటి చేతికి కలిపాడు. ఎండ పడితే రెండు జతల మీదా పడుతుంది, తేడా రాదు. అదే కాలంలో శామ్యూల్ లాంగ్లీ అలెఘెనీ వేధశాలలో బోలోమీటర్ చేశాడు. మసి పూసిన సన్నని లోహపు రేకులు రెండు, ఒకదాని మీద వెలుతురు, రెండోది నీడలో, రెండూ వీట్‌స్టన్ బ్రిడ్జి చేతుల్లో. గది వేడి పెరిగినా తగ్గినా రెండు రేకులకూ సమానమే. అందుకే అది డిగ్రీలో లక్షో వంతు మార్పును పట్టుకోగలిగింది. ఆ రేకు ఉష్ణోగ్రత ఎంతని అడిగితే లాంగ్లీ చెప్పలేకపోయేవాడు, చెప్పాల్సిన పనీ లేదు. ఇక్కడ అసలు సంగతి ఏమిటంటే, తీసివేతను కాగితం మీద తర్వాత చేయడం వేరు, పరికరం లోపల అప్పుడే జరిగేలా చేయడం వేరు. ఉదయం ఒక అంకె, మధ్యాహ్నం ఒక అంకె తీసుకుని కాగితం మీద తీసేస్తే, ఆ మధ్యలో గది మారింది, మీటరు వేడెక్కింది, కరెంటు కొద్దిగా జారింది. అవన్నీ మీ తేడాలోకి వచ్చి కూర్చుంటాయి. తీసివేత పరికరం లోపలే జరిగితే ఆ మార్పులు రెండువైపులా ఒకేసారి పడతాయి.

ఇంజనీరు: సరే మేడమ్, ఈ మాట ఒప్పుకుంటాను. అయితే మీరూ ఒకటి ఒప్పుకోవాలి. మీరు చెప్పిన గుణం బెక్‌మన్ థర్మామీటరులో పూర్తిగా లేదు. అదీ ఒక్క బల్బే. ముందు ఒక అంకె, తర్వాత ఒక అంకె. మధ్యలో గాలిలో నిలబడ్డ కాండం వేడెక్కితే దానికి వేరే దిద్దుబాటు చేయాలి. పాదరసం సన్నని గొట్టంలో అంటుకుపోయి, తట్టేదాకా కదలదు. ఇంకా ముఖ్యమైనది, ద్రవం గడ్డకట్టడం ఒక్క క్షణంలో జరిగేది కాదు. ముందు గడ్డకట్టే ఉష్ణోగ్రత దాటి ద్రవంగానే కిందికి దిగుతుంది, తర్వాత ఒక్కసారిగా స్ఫటికాలు పుట్టి పైకి లేస్తుంది, కాసేపు నిలకడగా ఉంటుంది, మళ్లీ నెమ్మదిగా జారుతుంది. సెకనుకొక కొలత తీసే థర్మిస్టర్ ఆ గీత మొత్తాన్ని చూపిస్తుంది. భూతద్దం పట్టుకున్న విద్యార్థి అరనిమిషానికొక చుక్క పెట్టి, మధ్యలో ఏం జరిగిందో ఊహించుకోవాలి. ఆసుపత్రుల్లో రక్తరసం గాఢత చూసే ఆస్మోమీటరు పనిచేసేది ఈ పద్ధతిలోనే, 0.002 డిగ్రీకి కాస్త తక్కువైన తేడాను చదివి, కొద్ది నిమిషాల్లో జవాబిస్తుంది.

అధ్యాపకురాలు: ఈ అభ్యంతరానికి నా దగ్గర ఎదురులేదు. మొత్తం గీతను చూడటం గొప్ప సౌకర్యం. అతిశీతలనం ఎంత లోతుకు పోయిందో తెలియకపోతే ద్రావణంలో ఎంత మంచుగా మారిందో తెలియదు. మిగిలిన ద్రావణం అంతమేరకు చిక్కబడుతుంది, తేడా ఎక్కువగా కనబడుతుంది. ఆ తప్పును పాదరసం దాచేస్తే థర్మిస్టర్ బయటపెడుతుంది. కానీ ఆ ఆస్మోమీటరును నమ్మేముందు ఆసుపత్రిలో ఏం చేస్తారో చూడండి. గాఢత తెలిసిన ప్రమాణ ద్రావణాలను అందులో పెట్టి సరిచూస్తారు. థర్మిస్టర్ చెప్పే ఉష్ణోగ్రతను అలాగే తీసుకోరు; ఈ రక్తరసం ఆ ప్రమాణం నుంచి ఎంత దూరంలో ఉందన్నదే తీసుకుంటారు. నా అభ్యంతరం మీ పరికరం మీద కాదండీ, దాని తెరమీద మూడో దశాంశాన్ని చూసి అది తనకు తెలిసిపోయిందనుకునే విద్యార్థి గురించి. తెర 25.347 అంటుంది. అందులో చివరి 7 మారితే నిజంగా నీళ్లు మారాయా, మీటరు మారిందా అని అడగడం ఆ పిల్లవాడికి ఎవరూ నేర్పలేదు. బెక్‌మన్ స్కేలు మీద అసలు ఉష్ణోగ్రత లేకపోవడం వల్ల ఆ పొరపాటు పడే వీల్లేదు. దాన్ని వాడే వాడికి మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది, తన చేతిలో ఉన్నది తేడా మాత్రమేనని.

ఇంజనీరు: అయితే గాజు లేకుండా ఆ పాఠం చెప్పే దారి చూద్దాం. రాగి-కాన్‌స్టాంటన్ తీగలతో థర్మోకపుల్ జతలు పది వరసగా కలుపుదాం. ఒక జతకు డిగ్రీకి దాదాపు 40 మైక్రోవోల్టులు, పదింటికి 400. ఒకవైపు కొనలు ద్రావణంలో, రెండోవైపు కొనలు ఉత్త నీళ్లూ మంచూ ఉన్న ఫ్లాస్కులో. వెయ్యో వంతు డిగ్రీకి 0.4 మైక్రోవోల్టు వస్తుంది. చిన్నదే, కానీ మంచి వోల్ట్‌మీటరుకు అందుతుంది. దీనికి ఉష్ణోగ్రత తెలియదు, తేడాయే తెలుసు. పాదరసం లేదు, గీతంతా కంప్యూటరులో పడుతుంది. సరేనా?

అధ్యాపకురాలు: నాకు కావలసింది అదే. ఒక్క షరతు. ప్రయోగం మొదలుపెట్టే ముందు రెండువైపుల కొనలనూ ఒకేచోట పెట్టి చూడాలి. అక్కడ మీటరు సున్నా చూపించాలి. సున్నా కాకుండా 1 మైక్రోవోల్టు చూపిస్తే, ఏ టంకం దగ్గరో ఏ మీటరు స్క్రూ దగ్గరో ఆ వోల్టేజీ పుడుతోందని విద్యార్థికి కళ్లముందే తెలుస్తుంది. తెరమీద 25.347 అని చూపే ఒంటరి థర్మామీటరుకు ఇలాంటి పరీక్ష పెట్టాలంటే ప్రమాణాల ల్యాబుకు పంపాలి. దీనికి బల్ల మీదే, ఐదు నిమిషాల్లో అయిపోతుంది.

ఇంజనీరు: మా పరికరం ఆన్ చేయగానే ముందు ఆ పరీక్షే అడిగేలా చేయవచ్చు. సున్నా రాకపోతే మూడో దశాంశం తెరమీదికి రాదు. కానీ ఆ పరీక్షకు ప్రతి కాలేజీలోనూ స్వేదనజలంతో చేసిన మంచు దొరకద్దూ? మామూలు నీళ్లలో లవణాలుంటాయి, అది సరిగ్గా సున్నా దగ్గర కరగదు.

అధ్యాపకురాలు: కరగకపోతే పోనివ్వండి. ద్రావణానికి ఎదురుగా పెట్టే ఫ్లాస్కులో స్వేదనజలం ఉండాలి, ఈ పరీక్షకు మాత్రం అక్కర్లేదు. బజార్లో బండి మీద కొన్న ఐసైనా పనికొస్తుంది. రెండు కొనలనూ ఒకే రాగి దిమ్మెలో, పక్కపక్క రంధ్రాల్లో అడుగుదాకా దించారా లేదా, అదొక్కటే చూసుకోండి.